ఒకే అప్‌డేట్, తలో మాట: ఆపరేటింగ్ సిస్టమ్ రూపం మారిన ప్రతిసారీ గొడవ ఎందుకు?

క్లుప్తంగా

కొత్త రూపంతో వచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్ మీద వినిపించే ఫిర్యాదులన్నీ ఒకే రకం కావు. కంటికి నచ్చలేదన్న మాట కొన్నాళ్లకు ఆగిపోతుంది. చేతి అలవాటు తప్పిందన్న చిరాకు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది, కాకపోతే పాత పనికి క్లిక్కులు పెరిగి ఉండకూడదు. ఇంతకాలం చేసుకుంటున్న పని ఇప్పుడు చేయలేకపోతున్నామన్న ఫిర్యాదు మాత్రం ఆ సదుపాయం తిరిగొచ్చేదాకా పోదు. ఈ మూడూ కలిపి చూస్తే జనానికి మార్పే గిట్టదనిపిస్తుంది. విడదీసి చూస్తే ఏ గొడవ చల్లారుతుందో, ఏది నిలిచిపోతుందో చాలావరకు ముందే తెలుస్తుంది.

అదే తెర, వేర్వేరు అనుభవాలు

2025 సెప్టెంబరు 15న యాపిల్ తన ఫోన్ల కోసం ఐఓఎస్ 26ను, కంప్యూటర్ల కోసం మ్యాక్‌ఓఎస్ టాహోను విడుదల చేసింది. జూన్‌లో జరిగిన డెవలపర్ల సదస్సులో చూపించిన 'లిక్విడ్ గ్లాస్' డిజైన్ ఫోన్ నుంచి కంప్యూటర్ దాకా అన్నింటికీ ఒకేసారి వచ్చేసింది. బటన్లు, మెనూలు, పై పట్టీలు అన్నీ వెనకున్నది కనబడేలా పారదర్శకంగా మారాయి. అప్‌డేట్ చేసుకున్నవాళ్లలో కొందరు ఇన్నేళ్లకు తమ ఫోన్ కొత్తగా కనిపిస్తోందని సంబరపడ్డారు, కొందరు అక్షరాలు ఆనడం లేదని తల పట్టుకున్నారు, ఇంకొందరికి బ్యాటరీ గురించి టెన్షన్ పట్టుకుంది, చాలామంది అసలు ఏమీ అనలేదు. ఆ ఏమీ అనని వాళ్లను లెక్కలోకి తీసుకోకపోవడం వల్లే ప్రతి కొత్త డిజైన్ మొదటి నెలలో ఘోరంగా విఫలమైనట్టు కనబడుతుంది. నచ్చినవాడు తన పని తాను చేసుకుపోతాడు, ఇబ్బంది పడ్డవాడే కూర్చుని రాస్తాడు.

ఇలాంటిది జరగడం మొదటిసారీ కాదు. 2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వచ్చినప్పుడు ఆ నీలం టాస్క్‌బార్‌నీ ఆకుపచ్చ స్టార్ట్ బటన్‌నీ చూసి పిల్లల బొమ్మలా ఉందన్నారు. అదే ఎక్స్‌పీని 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసిన తర్వాత కూడా వదలనివాళ్లు ఎందరో. అంటే మొదటి వారం మాటలను బట్టి ఒక డిజైన్ భవిష్యత్తు తేల్చలేం. అలాగని అన్ని ఫిర్యాదులనూ అలవాటు మీదకు తోసేయడమూ తప్పే, ఎందుకంటే 2012లో వచ్చిన విండోస్ 8 విషయంలో జనం అలవాటు పడలేదు, మైక్రోసాఫ్టే వెనక్కి తగ్గింది.

చెయ్యి గుర్తుపెట్టుకున్న దారి

రోజూ కంప్యూటర్ వాడేవాళ్లు మెనూలను చదవరు. ఎక్కడ ఏముందో చేతికి తెలుసు కాబట్టి చూపు పడేలోపే మౌస్ అక్కడికి వెళ్లిపోతుంది. డిజైన్ మారితే చదవడం మళ్లీ మొదలవుతుంది, ఆలోచించకుండా జరిగే పని ఆలోచించి చేయాల్సిన పనవుతుంది, అసలు పని మీద ఉండాల్సిన ధ్యాస బటన్ వెతకడం మీదకు పోతుంది. సిస్టమ్ నెమ్మదిగా ఉందని చాలామంది అనేది దీన్నే, కొలిచి చూస్తే యంత్రం అదే వేగంతో నడుస్తున్నా సరే.

దీనికి తోడు స్థానం ప్రభావం ఒకటుంది. చెయ్యి ఒక గురిని చేరడానికి పట్టే సమయం, ఆ గురి ఎంత దూరంలో ఉంది, ఎంత పెద్దగా ఉంది అన్న రెండింటి మీద ఆధారపడుతుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో చూపించాడు. తెర మూలలు ఈ లెక్కలో చాలా విలువైన చోట్లు. మౌస్‌ను ఎంత విసురుగా కదిపినా కర్సర్ మూల దాటి పోదు, కాబట్టి అక్కడున్న బటన్‌ను గురి చూడకుండానే పట్టుకోవచ్చు. విండోస్ 95 నుంచి స్టార్ట్ బటన్ ఎడమ చేతి కింది మూలలో ఉండటం వల్ల కలిగిన సౌఖ్యం ఇదే. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11లో ఆ బటన్ మధ్యకు జరిగింది. పైగా ఐకాన్ల వరుస మొత్తం మధ్యలో సర్దుకుంటుంది కాబట్టి కొత్త ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా స్టార్ట్ బటన్ కూడా కొంచెం ఎడమకు జరుగుతుంది. మూల పోయింది, స్థిరమైన చోటూ పోయింది.

అయినా ఈ ఫిర్యాదు త్వరగానే చల్లారింది. కారణం, సెట్టింగ్స్‌లో టాస్క్‌బార్‌ను ఎడమకు జరుపుకునే ఆప్షన్ మొదటి రోజు నుంచే ఉంది. 2011లో మ్యాక్ ఓఎస్ ఎక్స్ లయన్‌తో స్క్రోలింగ్ దిశ తలకిందులైనప్పుడూ ఇదే జరిగింది. వేలు కదిలిన వైపే పేజీ కదలాలన్నది యాపిల్ ఆలోచన, అప్పటికి ఫోన్లలో ఉన్నదీ అదే, కానీ ఏళ్లపాటు మౌస్ చక్రం తిప్పినవాళ్లకు ప్రతి స్క్రోలూ ఎదురు తిరిగినట్టయింది. ఒక్క టిక్ తీసేస్తే పాత పద్ధతి వచ్చేది. తీసేసినవాళ్లు తీసేశారు, ఉంచినవాళ్లు అలవాటు పడ్డారు, గొడవ అక్కడితో ఆగింది.

అదే విండోస్ 11 టాస్క్‌బార్ మీద ఇంకో ఫిర్యాదుల చిట్టా మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. టాస్క్‌బార్‌ను తెర పైకో పక్కకో జరుపుకోవడం, ఒకే ప్రోగ్రామ్‌కు చెందిన కిటికీలను కలిపేయకుండా విడివిడిగా పేర్లతో చూపించడం, ఫైల్‌ను లాక్కొచ్చి టాస్క్‌బార్ ఐకాన్ మీద ఆపితే ఆ కిటికీ తెరుచుకోవడం, ఇవన్నీ విండోస్ 10లో ఉన్నవే, 11 విడుదలైనప్పుడు లేవు. టాస్క్‌బార్‌ను పాత కోడ్ మీద మెరుగులు దిద్దకుండా మొదటినుంచి కొత్తగా రాశారు, అలా రాసినప్పుడు పాతికేళ్లలో ఒక్కొక్కటిగా చేరిన సదుపాయాలను మళ్లీ ఒక్కొక్కటిగానే కట్టాలి, ఏది ముందు ఏది వెనక అనేది కంపెనీ నిర్ణయిస్తుంది. లాక్కొచ్చి వదిలే సదుపాయం 2022లో తిరిగొచ్చింది, కిటికీలను విడిగా చూపించే ఆప్షన్ 2023లో వచ్చింది. వచ్చిన వాటి మీద మాటలు ఆగిపోయాయి. పక్కకు జరుపుకునే వీలు కోసం ఆ తర్వాతా అడుగుతూనే వచ్చారు. వెడల్పాటి మానిటర్‌లో నిలువు జాగా తక్కువ, పక్కన జాగా దండిగా ఉంటుంది, అందుకే అడిగేవాళ్లకు ఇది రుచికి సంబంధించిన విషయం కాదు.

ఒక్క రైట్ క్లిక్ దగ్గర ఆగి చూస్తే

రెండు వైపులా న్యాయం ఉండొచ్చనడానికి విండోస్ 11 రైట్ క్లిక్ మెనూ మంచి ఉదాహరణ. పాత విండోస్‌లో ఏ ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసినా తన వరుస ఒకటి ఆ మెనూలో చేర్చుకునేది. కొన్నేళ్లు వాడిన కంప్యూటర్‌లో ఆ మెనూ తెర పైనుంచి కింది దాకా సాగేది. అంతేకాదు, ఆ ప్రోగ్రామ్‌ల కోడ్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోనే నడుస్తుంది కాబట్టి వాటిలో ఒక్కటి సరిగా లేకపోయినా మెనూ తెరుచుకోవడానికి ఆలస్యం, ఒక్కోసారి ఎక్స్‌ప్లోరర్ మొత్తం మూసుకుపోవడం. దీన్ని బాగు చేయాల్సిందే, అందులో సందేహం లేదు.

కొత్త మెనూలో కట్, కాపీ, పేస్ట్, రీనేమ్, డిలీట్ చిన్న ఐకాన్ల వరుసగా మారాయి. ఎక్కువగా వాడేవి కర్సర్‌కు దగ్గరగా ఉండాలని ఆ వరుసను మెనూ తెరుచుకునే చోటుకు ఆనించారు, మెనూ కిందికి తెరుచుకుంటే వరుస పైన, పైకి తెరుచుకుంటే కింద. దూరం తగ్గింది నిజమే, కానీ చోటు ఒకటే ఉండటం పోయింది. మాటలు చదివి క్లిక్ చేసేవాడు ఇప్పుడు బొమ్మ చూసి పోల్చుకోవాలి, అందులోనూ రీనేమ్ గుర్తు ఫలానా అని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఇక పాత ప్రోగ్రామ్‌లు చేర్చిన వరుసలన్నీ 'షో మోర్ ఆప్షన్స్' వెనక్కి వెళ్లాయి. ఆ ప్రోగ్రామ్ తయారీదారు కొత్త పద్ధతికి మారేదాకా దాన్ని వాడేవాళ్లకు ప్రతిసారీ ఒక క్లిక్ అదనం.

ఇప్పుడు ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. రోజుకు నాలుగు ఫైళ్లు తెరిచేవాళ్లకు పొడుగాటి చిట్టా పోయి శుభ్రమైన మెనూ వచ్చింది. రోజంతా ఫైళ్లను జిప్ చేస్తూ, విప్పుతూ, పేర్లు మారుస్తూ ఉండేవాళ్లకు పని పెరిగింది. ఇద్దరూ చెప్పేది నిజమే, ఇద్దరిదీ ఒకే మెనూ. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో ఆ ఐకాన్ల కింద పేర్లు చేర్చారు, దాంతో పోల్చుకోవడంలో ఉన్న ఇబ్బంది తీరింది. అదనపు క్లిక్ మాత్రం ప్రోగ్రామ్‌ను బట్టి ఉండిపోయింది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా తెరుచుకుంటుంది, అయితే ఆ సంగతి తెర మీద ఎక్కడా రాసి ఉండదు.

సగటు లెక్క ఎక్కడ దారి తప్పుతుంది

కంపెనీలు కళ్లు మూసుకుని డిజైన్లు మార్చవు. ఎవరు ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కుతున్నారన్న సమాచారం లక్షల కంప్యూటర్ల నుంచి వాటికి చేరుతుంది. విండోస్ 8కు ముందు మైక్రోసాఫ్ట్ ఇదే వాదన బయటపెట్టింది: విండోస్ 7లో ప్రోగ్రామ్‌లను టాస్క్‌బార్‌కే పిన్ చేసుకునే వీలు వచ్చాక స్టార్ట్ మెనూ వాడకం తగ్గిందని. లెక్క సరైనదే. దాన్నుంచి తీసిన నిర్ణయంతోనే చిక్కు వచ్చింది.

ఇంట్లో నిచ్చెన ఏడాదికి రెండు మూడుసార్లే బయటికి తీస్తారు, అంతమాత్రాన అది అక్కర్లేని వస్తువు కాదు. స్టార్ట్ మెనూ కూడా అలాంటిదే, రోజువారీ ప్రోగ్రామ్‌లు టాస్క్‌బార్‌లో ఉన్నా ఎప్పుడో ఒకసారి కావాల్సింది అక్కడే దొరుకుతుంది. ఎన్నిసార్లు నొక్కారన్నది అంకెల్లో కనబడుతుంది, నొక్కాల్సిన వేళ అది లేకపోతే ఏమవుతుందన్నది కనబడదు. ఒక సదుపాయాన్ని నూటికి ఐదుగురే వాడుతున్నారనుకుందాం, ఆ ఐదుగురికి అదే జీవనాధారమైన పని కావొచ్చు, సగటు తీస్తే వాళ్లు మాయమైపోతారు.

2012 అక్టోబరు 26న వచ్చిన విండోస్ 8లో కంప్యూటర్ ఆపేయాలంటే మౌస్‌ను తెర కుడి మూలకు తీసుకెళ్లాలి, పక్కనుంచి చార్మ్స్ అనే పట్టీ వస్తుంది, అందులో సెట్టింగ్స్, అందులో పవర్, ఆ తర్వాత షట్ డౌన్. ఆ మూలలో ఏదో ఉందని చెప్పే గుర్తు తెర మీద ఒక్కటీ లేదు. వేలితో పక్కనుంచి లాగే టాబ్లెట్‌కు ఇది బాగానే ఉంటుంది, 2010లో ఐప్యాడ్ వచ్చిన తర్వాత ఆ వైపు పరుగెత్తాల్సిన ఒత్తిడి మైక్రోసాఫ్ట్ మీద ఉన్న మాటా వాస్తవమే. కానీ అప్పటికి విండోస్ వాడేవాళ్లలో అత్యధికుల ముందున్నది మౌస్, కీబోర్డ్. టాబ్లెట్ కోసం కట్టిన తెరను వాళ్ల నెత్తిన పెట్టారు. 2013 అక్టోబరులో 8.1తో స్టార్ట్ బటన్ వెనక్కొచ్చింది, 2014 ఏప్రిల్ అప్‌డేట్‌లో స్టార్ట్ స్క్రీన్ మీద పవర్ బటన్ చేరింది, 2015 జులై 29న విండోస్ 10తో స్టార్ట్ మెనూయే తిరిగొచ్చింది. దాదాపు మూడేళ్లు పట్టింది.

అందం వేరు, చదవగలగడం వేరు

రూపం గురించిన ఫిర్యాదుల్లో కూడా పైపైవి కొన్ని, లోతైనవి కొన్ని. 2013 సెప్టెంబరులో ఐఓఎస్ 7 వచ్చినప్పుడు తోలు, చెక్కలాంటి పాత అలంకరణలన్నీ పోయి చదునైన రంగులు వచ్చాయి. ఆ రంగులు నచ్చలేదన్నవాళ్లు కొన్నాళ్లకు మర్చిపోయారు. అయితే యాప్ తెరిచినప్పుడు తెర మీదకు దూసుకొచ్చినట్టుండే యానిమేషన్ల వల్ల కొందరికి కళ్లు తిరిగాయి, వికారం పుట్టింది. చెవి లోపలి సమతుల్య వ్యవస్థలో ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇది అలవాటైపోయే విషయం కాదు. అక్టోబరులో 7.0.3తో 'రెడ్యూస్ మోషన్' ఆన్ చేస్తే ఆ కదలికల బదులు మెల్లగా మారే దృశ్యం వచ్చేలా యాపిల్ సవరించింది. బటన్‌కు అంచులు లేక ఏది నొక్కాలో తెలియట్లేదన్నవాళ్ల కోసం 2014 మార్చిలో 7.1తో బటన్ ఆకారాలు చూపించే ఆప్షన్ ఇచ్చింది.

లిక్విడ్ గ్లాస్‌లో చిక్కు పారదర్శకతతో వస్తుంది. వెబ్ పేజీల సౌలభ్య ప్రమాణాల ప్రకారం మామూలు సైజు అక్షరానికీ దాని వెనకున్న రంగుకీ మధ్య కాంతి భేదం కనీసం 4.5:1 ఉండాలి. వెనక రంగు ఒకటే అయితే డిజైనర్ ముందే కొలిచి చూసుకోవచ్చు. పట్టీ పారదర్శకమైతే వెనక ఏముంటుందో డిజైనర్ చేతిలో లేదు, స్క్రోల్ చేస్తుండగా తెల్లటి ఫోటో వచ్చిందంటే అదే తెల్లటి అక్షరం మసకబారుతుంది. సిస్టమ్ అప్పటికప్పుడు రంగు సర్దుతుంది, కానీ అన్ని సందర్భాల్లో సరిపోదు. ఈ బ్యాలెన్స్ కుదర్చడం ఎంత కష్టమో విడుదలకు ముందు పరీక్ష కోసం ఇచ్చే బీటా వెర్షన్లే చూపించాయి, ఒక బీటాలో పారదర్శకత తగ్గించారు, ఇంకోదాంట్లో మళ్లీ పెంచారు. చివరికి నవంబరులో వచ్చిన 26.1లో తేటగా ఉండేదా, కాస్త రంగు అద్దిన చిక్కటిదా అన్నది వాడేవాళ్లే ఎంచుకునే ఆప్షన్ పెట్టారు.

పాత దారి మూయకుండా కొత్తది తెరిస్తే

1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చినప్పుడు జరిగిన మార్పు నిజానికి వీటన్నింటికంటే పెద్దది. అప్పటిదాకా ప్రోగ్రామ్‌లను తెరిచే కిటికీగా ఉన్న ప్రోగ్రామ్ మేనేజర్ పోయి స్టార్ట్ మెనూ, టాస్క్‌బార్ వచ్చాయి. కానీ పాత ప్రోగ్రామ్ మేనేజర్‌ను కూడా లోపల ఉంచారు, కావాలన్నవాళ్లు దాన్నే తెరుచుకోవచ్చు. ఎక్స్‌పీలో, విస్టాలో, విండోస్ 7లో పాత బూడిద రంగు క్లాసిక్ రూపానికి మారే వీలుండేది. విండోస్ 8లో అది తీసేశారు, స్టార్ట్ మెనూ తీసేసింది కూడా అందులోనే. తిరిగి వెళ్లే దారి ఉందని తెలిస్తే చాలామంది ఆ దారి తొక్కకుండానే కొత్తది వాడి చూస్తారు. లేదని తెలిస్తే మొదటి రోజు నుంచే పోగొట్టుకున్నవి లెక్కపెడతారు. లాభం కంటే అంతే నష్టం మనసును ఎక్కువ తాకుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమాన్, ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ బాగా అతుకుతుంది.

లినక్స్ లోకంలో కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది కాబట్టి దారి మూసినా కొత్తగా వేసుకునే స్వేచ్ఛ ఉంది. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ కొత్త రూపం గ్నోమ్ 3 వచ్చింది, అదే నెలలో లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు తన డెస్క్‌టాప్‌ను యూనిటీకి మార్చింది. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ గ్నోమ్ 3ని బహిరంగంగానే తప్పుపట్టి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్‌కు మారిపోయాడు. గ్నోమ్ 2 కోడ్‌ను తీసుకుని కొందరు మాటే పేరుతో కొనసాగించారు, లినక్స్ మింట్ బృందం సినమన్ తయారుచేసింది. అప్పట్లో అన్ని తిట్లు తిన్న యూనిటీని 2017లో ఉబుంటును తయారుచేసే కెనానికల్ కంపెనీ వదిలేస్తామని ప్రకటించినప్పుడు ఈసారి బాధపడింది యూనిటీకి అలవాటైనవాళ్లు. వాళ్ల పట్టుదలతో నిలిచిన ఉబుంటు యూనిటీ 2022లో అధికారిక రూపాల్లో ఒకటిగా చేరింది.

ఇకపై ఏం జరగొచ్చు

రూపం మారడం వేరు, మారక తప్పని పరిస్థితి వేరు. విండోస్ విస్టా, విండోస్ 7 చూడటానికి దగ్గర చుట్టాలు, ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే డ్రైవర్ ప్రోగ్రామ్‌ల నిర్మాణం కూడా చాలావరకు ఒకటే. 2007లో విస్టాను తిట్టినవాళ్లే 2009లో విండోస్ 7ను మెచ్చుకున్నారు. ఈలోపు డ్రైవర్లు సర్దుకున్నాయి, కంప్యూటర్లు బలపడ్డాయి, ప్రతి చిన్న పనికీ అనుమతి అడిగే హెచ్చరికలు తగ్గాయి. గాజు కిటికీలు రెండింట్లోనూ ఉన్నాయి. కాబట్టి డిజైన్ మీద పడుతున్న కోపంలో ఎంత భాగం నిజంగా డిజైన్‌దో చూసుకోవాలి.

లిక్విడ్ గ్లాస్ విషయంలో అందం మీద వాదన తగ్గి, స్పష్టత మీద ఫిర్యాదు మిగిలే అవకాశం ఎక్కువ, యాపిల్ వరసగా ఇస్తున్న సవరణలూ అటే పోతున్నాయి. తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వాడేవాళ్ల సంగతి ఇంకా సున్నితం, వాళ్లకు తెర అంటే కీబోర్డ్‌తో దాటే వరుస క్రమం, ఆ క్రమం మారితే చూపున్నవాళ్లలా ఒక్క చూపులో వెతుక్కునే వీలుండదు. వీళ్ల ఫిర్యాదులు సంఖ్యలో తక్కువగా ఉంటాయి కాబట్టి ముందు వినాల్సింది అవే.

విండోస్‌లో పరిస్థితి మరింత జటిలం. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ పైది ఉండాలి, బాగా పనిచేస్తున్న ఎన్నో కంప్యూటర్లు ఈ గీత దగ్గరే ఆగిపోయాయి. భద్రత కోసం ఆ చిప్ కావాలన్న వాదనలో బలం ఉంది, కానీ యంత్రం బాగానే ఉన్నవాడికి అది కొత్త కంప్యూటర్ ఖర్చుగానే కనబడుతుంది. ఇలాంటివాళ్లు స్టార్ట్ బటన్ మధ్యలో ఉందనో, మెనూ మారిందనో ఫిర్యాదు చేస్తున్నా వాళ్ల అసలు సమస్య ఏ డిజైన్ సవరణతోనూ తీరదు. ఇళ్లలో వాడేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన అదనపు భద్రతా అప్‌డేట్ల గడువు 2026 అక్టోబరు 13 వరకు, అదీ విడిగా నమోదు చేసుకున్నవాళ్లకే.